సివిల్ ప్రొసీజర్ నేర్చుకోవాలంటే పుస్తకంతో కాదు, ముగిసిన ఒక దావా ఫైలుతో మొదలుపెట్టండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు బీకాం పూర్తి చేసి దూరవిద్యలో పారాలీగల్ డిప్లొమా చదువుతున్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను రెండుసార్లు మొదటి నుంచి చివరి దాకా చదివినా, 158 సెక్షన్లూ 51 ఆర్డర్లూ విడివిడిగా గుర్తుంటున్నాయే తప్ప ఒకదానితో ఒకటి అతకడం లేదు. ఏ వరుసలో చదివితే బోధపడుతుంది, రేపు ఒక సివిల్ న్యాయవాది కార్యాలయంలో చేరితే మీ నుంచి ఏం ఆశిస్తారు అని అడిగారు.

నేరుగా చెబుతాను. కోడ్‌ను నంబర్ల వరుసలో చదవడం ఆపండి. డిక్రీ (కోర్టు తీర్పు మేరకు ఇచ్చే ఉత్తర్వు) వచ్చి, అమలు కూడా పూర్తయిన ఒక దావా ఫైలును సంపాదించి, దాన్ని ముందు చివరి కాగితం నుంచి మొదటి కాగితం దాకా, ఆ తరవాత మొదటి నుంచి చివరి దాకా చదవండి. ప్రతి కాగితం దగ్గరా కోడ్ తెరిచి, ఆ కాగితం ఏ నిబంధన వల్ల పుట్టిందో, ఎన్ని రోజుల్లో పుట్టాలో, పుట్టకపోతే ఏమయ్యేదో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇలా మూడు ఫైళ్లు పూర్తి చేసేసరికి కోడ్‌లో రోజూ వాడుకలో ఉండే భాగమంతా మీ చేతిలోకి వస్తుంది. మిగిలినదాన్ని అవసరం పడ్డప్పుడు వెతుక్కోవచ్చు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. గోదావరి ప్రాంతంలో ఒక జిల్లా కోర్టు దగ్గర ఇరవై ఏళ్లకు పైగా వకీలు గుమాస్తాగా పనిచేశాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక న్యాయ కార్యాలయంలో సివిల్ ఫైళ్లన్నిటి వాయిదాలూ గడువులూ చూసే బాధ్యత నాది. కొత్తగా చేరేవారికి పని నేర్పేదీ నేనే కాబట్టి, మీకు ఎదురైన ఇబ్బంది నాకు కొత్త కాదు.

అసలు ఆ పుస్తకం ఎందుకు అతకదో ముందు తెలుసుకుంటే సగం బెంగ తీరుతుంది. 1908లో చేసి 1909 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఈ కోడ్‌లో సెక్షన్లు ఒక భాగం, ఆర్డర్లూ రూల్సూ మరొక భాగం. సెక్షన్లు కోర్టుకు ఉన్న అధికారం ఏమిటో చెబుతాయి, వాటిని మార్చాలంటే చట్టసభే మార్చాలి. ఆర్డర్లు ఆ అధికారాన్ని ఏ పద్ధతిలో నడపాలో చెబుతాయి, వాటిని సెక్షన్ 122 కింద హైకోర్టు కూడా మార్చుకోగలదు. అందువల్ల ఒకే విషయం రెండు చోట్ల ఉంటుంది. డిక్రీ అమలు గురించి సెక్షన్ 36 నుంచి 74 వరకూ ఒకసారి చదువుతారు, మళ్లీ ఎంతో దూరంలో ఆర్డర్ 21లో వందకు పైగా రూల్స్ ఎదురవుతాయి. ఈ రెంటికీ తోడు మన తెలుగు రాష్ట్రాల్లో 1980 నాటి సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ ఉన్నాయి. పిటిషన్ ఏ రూపంలో ఉండాలి, అఫిడవిట్ ఎలా రాయాలి, నకళ్ల దరఖాస్తు ఎలా పెట్టాలి వంటి రోజువారీ సంగతులన్నీ వాటిలోనే ఉంటాయి. డిప్లొమా పాఠాల్లో వీటి ప్రస్తావన చాలా తక్కువగా ఉండటం నేను గమనించాను. ఆ రూల్స్ పుస్తకం తప్పకుండా ఒకటి కొనుక్కోండి.

ఇక చివరి నుంచి మొదటికి చదవమని ఎందుకు అంటున్నానో చెప్పడానికి, నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెప్పాలి. పనిలో చేరిన రెండో ఏట, ఒక ఎకరం నలభై సెంట్ల పొలం స్వాధీనం కోసం వేసే దావాకు ఆస్తి షెడ్యూలు నేను టైపు చేశాను. రిజిస్టరు దస్తావేజు జిరాక్సు పక్కన పెట్టుకుని చేస్తూ, తూర్పు హద్దు పంటకాలువ, పడమర హద్దు పుంత (బండిదారి) అని ఉన్నదాన్ని తారుమారు చేసి, తూర్పున పుంత, పడమర పంటకాలువ అని కొట్టాను. సర్వే నంబరు సరిగ్గానే ఉంది, విస్తీర్ణం సరిగ్గానే ఉంది, కాబట్టి ఎవరి కంటా పడలేదు. కక్షిదారు వేలిముద్ర వేశారు, వకీలుగారు సంతకం చేశారు, ప్రతివాది కూడా హద్దుల మీద అభ్యంతరం చెప్పలేదు. దావా గెలిచాం, అప్పీలు కూడా గెలిచాం. ఆరేళ్ల తరవాత ఆర్డర్ 21 రూల్ 35 కింద స్వాధీనం వారెంటు పట్టుకుని అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి), సర్వేయరు పొలం గట్టు మీదికి వెళ్లినప్పుడు, ఓడిపోయినవారి కొడుకు ఆ కాగితం అడిగి తీసుకుని చదివి, ఈ కాగితం ప్రకారమైతే మీ పొలం కాలువకు అవతల ఉంది, ఇది కాదు అన్నాడు. అమీనా వారెంటు వెనక హద్దులు సరిపోలడం లేదని రాసి తిరిగి కోర్టుకు పంపేశారు. ప్లెయింటు (దావా పత్రం)లోనూ డిక్రీలోనూ షెడ్యూలు సవరించమని సెక్షన్ 152, 151 కింద దరఖాస్తు వేస్తే అవతలివారు గట్టిగా ఎదిరించారు, అది తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. మా కక్షిదారు పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఎనిమిది నెలలూ ప్రతి వాయిదాకూ బస్సులో వచ్చి, వరండాలో కూర్చుని వెళ్లారు.

ఆ తరవాతే నాకు ఆర్డర్ 7 రూల్ 3 అర్థమైంది. స్థిరాస్తి దావాలో ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన ఇవ్వాలని, హద్దులో సర్వే నంబర్లో ఉంటే అవి రాయాలని అది చెబుతుంది. పుస్తకంలో చదివినప్పుడు అదొక లాంఛనంగా కనిపిస్తుంది. కాని ప్లెయింటు షెడ్యూలే డిక్రీ షెడ్యూలవుతుంది, డిక్రీ షెడ్యూలే ఇ.పి. (అమలు దరఖాస్తు) షెడ్యూలవుతుంది, ఇ.పి. షెడ్యూలే అమీనా చేతిలోని వారెంటు అవుతుంది. వారెంటును ముందు చదివి వెనక్కి వచ్చినవారికి, ప్లెయింటులో ప్రతి గడీ ఎవరి కోసం నింపుతున్నామో తెలుస్తుంది. ప్రతివాది తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు సరిగ్గా రాయడం కూడా అటువంటిదే. ఈ రోజు మీరు రాసే చిరునామా దగ్గరకే రేపు ప్రాసెస్ సర్వర్ సమన్లు పట్టుకుని వెళ్లాలి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. గెలిచినవాళ్ల ఏడుపులో ఎక్కువ భాగం అమలు దగ్గరే ఉంటుంది. అమలు దరఖాస్తును వేసిన ఆరు నెలల్లో పరిష్కరించాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగితం సరిగ్గా లేకపోతే ఆ ఆదేశం కూడా ఆదుకోలేదు.

మొదటి ఫైలుగా ప్రోనోటు దావాను ఎంచుకోండి. పంపకాల దావాలు, నిర్దిష్ట అమలు దావాలు తరవాత చూడవచ్చు. ప్రోనోటు దావా చిన్నది, నాలుగైదు కాగితాలతో ఉంటుంది, అయినా దావాకు ఉండే దశలన్నీ దానిలో ఉంటాయి. నోటును చేతిలోకి తీసుకుని ముందుగా రెవెన్యూ స్టాంపు చూడండి, సంతకం స్టాంపు మీదుగా పోయి అది రద్దయిందా లేదా గమనించండి. స్టాంపు సరిగ్గా లేని మామూలు దస్తావేజును జరిమానా కట్టి సాక్ష్యంలోకి తేవచ్చు గాని, ప్రోనోటుకు స్టాంపుల చట్టం సెక్షన్ 35 ఆ వెసులుబాటు ఇవ్వదు. తరవాత కింద దస్తూరి అని ఉన్నచోట ఎవరి పేరుందో, సాక్షులెవరో చూడండి. సంతకం నాది కాదని ప్రతివాది అన్న రోజున ఆ దస్తూరి రాసిన మనిషే పి.డబ్ల్యు.2గా, అంటే వాది తరఫు రెండో సాక్షిగా, బోనులోకి రావాలి. ఆయన బతికే ఉన్నారా, ఏ ఊళ్లో ఉన్నారు అని కక్షిదారును మొదటి రోజే అడిగి ఫైలు అట్ట లోపలివైపు రాసిపెట్టడం మీ పని. చివరగా నోటు తిప్పి వెనక చూడండి. చెల్లు (కొంత సొమ్ము చెల్లించినట్టు రాసిన రాత) ఉంటే అక్కడే ఉంటుంది.

ఆ చెల్లు దగ్గరే లిమిటేషన్ (దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు) పాఠం మొదలవుతుంది. మీ డిప్లొమాలో దానికి ఒకే అధ్యాయం ఉండవచ్చు గాని, కార్యాలయంలో మీ విలువంతా దాని మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. వాదన బలహీనంగా ఉంటే వకీలుగారు సర్దుకోగలరు, సాక్షి తడబడితే మరో సాక్షిని చూసుకోగలరు. దావా గడువు దాటిపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. 1963 నాటి లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద జాప్యాన్ని మన్నించమని అప్పీళ్లకూ దరఖాస్తులకూ అడగవచ్చు, దావాకు అడగడానికి వీల్లేదు. ఆర్డర్ 21 కింద వేసే దరఖాస్తులకూ ఆ సెక్షన్ వర్తించదు.

ఒక లెక్క చేసి చూద్దాం. అడిగిన వెంటనే చెల్లించాల్సిన ప్రోనోటు తేదీ 10-08-2022 అనుకోండి. నోటు తేదీ నుంచి మూడేళ్లు, మొదటి రోజును లెక్కలోంచి తీసేయాలి, కాబట్టి ఆఖరు రోజు 10-08-2025. క్యాలెండరు తీసి చూస్తే అది ఆదివారం. కోర్టు మూసి ఉన్న రోజున గడువు ముగిస్తే తెరిచిన రోజున వేయవచ్చని సెక్షన్ 4 చెబుతోంది కాబట్టి, సోమవారం 11న దావా వేస్తే చెల్లుతుంది. అదే సోమవారం నాడు అప్పు తీసుకున్నాయన వచ్చి, దావా వేయకండి, ఐదు వేలు తీసుకుని చెల్లు రాసుకోండి, గడువు పెరుగుతుంది అన్నారనుకోండి. పెరగదు. సెక్షన్ 4 దావా వేసుకోవడానికి ఇచ్చిన వెసులుబాటే తప్ప గడువును పొడిగించదు. సెక్షన్ 19 కింద చెల్లు పనిచేయాలంటే గడువు ముగియకముందే సొమ్ము చెల్లించి ఉండాలి, ఆ చెల్లు రాత చెల్లించినవారి దస్తూరీలోనో వారి సంతకంతోనో ఉండాలి. అప్పు ఇచ్చినాయనే తన చేతితో రాసి తానే సంతకం పెట్టుకున్న చెల్లు నోటు వెనక కనిపిస్తే, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా గడువు చూసి, వెంటనే వకీలుగారికి చెప్పండి. ఇటువంటి చెల్లులు నేను చాలా చూశాను.

రెండో లెక్క అప్పీలుది. దీన్ని సర్టిఫైడ్ కాపీ మీద నేర్చుకోవాలి. కోర్టు నుంచి తీర్పు నకలు తీసుకున్నప్పుడు దాని మీద వరుసగా కొన్ని తేదీలు వేసి ఉంటాయి: దరఖాస్తు పెట్టిన రోజు, రుసుము అడిగిన రోజు, కట్టిన రోజు, నకలు సిద్ధమైన రోజు, మనం తీసుకున్న రోజు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు తీర్పు 03-03-2025న వచ్చిందనుకుందాం. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, అంటే ఏప్రిల్ 2. నకలు దరఖాస్తు మార్చి 11న పెట్టాం, రుసుము అడిగిన రోజే కట్టాం, నకలు ఏప్రిల్ 2న సిద్ధమైంది, మన గుమాస్తా ఏప్రిల్ 15న వెళ్లి తెచ్చుకున్నాడు. సెక్షన్ 12 ప్రకారం నకలు కోసం పట్టిన కాలాన్ని తీసేయవచ్చు. అది మార్చి 11 నుంచి ఏప్రిల్ 2 వరకు, రెండు రోజులూ కలుపుకుని 23 రోజులు. కాబట్టి అప్పీలుకు ఆఖరు రోజు ఏప్రిల్ 25. కొత్తవారు దాదాపు అందరూ ఏప్రిల్ 15 దాకా లెక్కపెట్టి 36 రోజులు తీసేసి మే 8 అని డైరీలో రాస్తారు. నకలు సిద్ధమై అక్కడ పడి ఉన్న 13 రోజులూ మన ఖాతాలోనివే. మే 7న అప్పీలు వేస్తే 12 రోజుల జాప్యం, దానికి సెక్షన్ 5 పిటిషను, అఫిడవిట్, అవతలివారికి నోటీసు, ఒక్కోసారి ఖర్చులు కూడా పడతాయి. ఇదంతా ఒక తేదీని తప్పుగా చదివినందుకు.

గడువు అన్నది ప్రతిసారీ తీర్పుతోనో నోటుతోనో మొదలు కాదు. ఒక్కోసారి కక్షిదారు మాటల మధ్య దొర్లిన ఒక వాక్యంతో మొదలవుతుంది. ఒకసారి మా కక్షిదారు ఫీజు ఇవ్వడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ, రెండో ప్రతివాది పోయిన సంక్రాంతికే కాలం చేశాడండీ అన్నారు. అప్పటికి వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ప్రతివాది చనిపోతే 90 రోజుల్లోగా వారసులను చేర్చమని ఆర్డర్ 22 కింద దరఖాస్తు వేయాలి, లేకపోతే ఆ ప్రతివాది వరకూ దావా దానంతటదే రద్దవుతుంది. ఆ రద్దును ఎత్తివేయించుకోవడానికి ఇంకో 60 రోజులుంటాయి, అదీ దాటితే జాప్యం మన్నింపు పిటిషను కూడా జోడించాలి. మేము ఆ అరవై రోజుల్లో పడ్డాం కాబట్టి గట్టెక్కాం. అప్పటి నుంచి కక్షిదారు ఎప్పుడు వచ్చినా, ఫోను చేసినా, నేను ముందు అడిగే ప్రశ్న, అవతలివాళ్లంతా బాగున్నారా అండీ అని. మీరూ అలవాటు చేసుకోండి.

ప్రతివాది తరఫున ఉన్నప్పుడు గడువు సమన్లు అందిన రోజుతో మొదలవుతుంది. ఆర్డర్ 8 రూల్ 1 ప్రకారం జవాబు దాఖలుకు 30 రోజులు, కారణాలు చూపితే 90 రోజుల దాకా. మామూలు దావాల్లో ఈ 90 రోజులు దాటినా, అసాధారణ పరిస్థితుల్లో కోర్టు అనుమతించవచ్చని 2005లో కైలాశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాణిజ్య దావాల్లో మాత్రం 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుంది. 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వచ్చే వివాదం విలువ 2018 సవరణ తరవాత మూడు లక్షల నుంచే మొదలవుతుంది కాబట్టి, ఇవి పెద్ద కంపెనీల సంగతులులే అనుకోవద్దు. ఫైలు తెరిచిన రోజే ఇది వాణిజ్య వివాదమా అన్న ప్రశ్నకు సమాధానం అట్ట మీద రాయాలి. ప్రభుత్వం ప్రతివాదిగా ఉంటే కోడ్‌లోని సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగామా, లేక అత్యవసరమని కోర్టు అనుమతి అడుగుతున్నామా అన్నది కూడా అక్కడే రాయండి.

ఫైలు దొరకకపోతే ఏం చేయాలి? మీ ఊరికి దగ్గర్లో ఉన్న జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వారానికి రెండు రోజులు ఉదయం పూట వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. సెక్షన్ 153-బి ప్రకారం కోర్టు అందరికీ తెరిచి ఉండే చోటు, మిమ్మల్ని ఎవరూ అడ్డుకోరు. కాల్ వర్క్ జరుగుతున్నప్పుడు బెంచ్ క్లర్కు ఒక్కో నంబరు పిలిచి, ఇది హాజరుకు, ఇది జవాబుకు, ఇది ఇష్యూలకు (తేల్చాల్సిన అంశాల ఖరారుకు), ఇది పి.డబ్ల్యు.1 క్రాస్‌కు అంటూ ఉంటారు. మీరు నోటు పుస్తకంలో నంబరు, దశ, తరవాతి వాయిదా రాసుకుని ఇంటికి వెళ్లి, ప్రతి దశకూ కోడ్‌లో ఆర్డర్ వెతకండి. హాజరుకు ఐదు, తొమ్మిది, జవాబుకు ఎనిమిది, ఇష్యూలకు పద్నాలుగు, విచారణకు పద్దెనిమిది, తీర్పుకు ఇరవై. ఆ వాయిదా రోజున మళ్లీ వెళ్లి ఏం జరిగిందో చూడండి. వెళ్లలేకపోతే ఇ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుతో ఆ కేసు చరిత్ర అంతా చూడవచ్చు. నాలుగు నెలలు పది కేసులను ఇలా వెంబడించిన విద్యార్థికి, ఎక్స్‌పార్టీ (ప్రతివాది రాకపోతే ఏకపక్షంగా నడపడం) అంటే ఏమిటో, దాన్ని తీయించడానికి ఆర్డర్ 9 రూల్ 7 ఎప్పుడో, రూల్ 13 ఎప్పుడో బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ఇక కార్యాలయంలో మీ నుంచి ఏం ఆశిస్తారన్నది. మొదటి ఆరు నెలలూ మీ చేతికి వచ్చేవి ఎక్కువగా రిటర్న్ అయిన కాగితాలు. దావా వేయగానే నంబరు పడదు. ఎస్.ఆర్. అనే తాత్కాలిక నంబరుతో కోర్టు సిబ్బంది పరిశీలించి, లోపాలు రాసి తిప్పి పంపుతారు. కోర్టు ఫీజు ఏ సెక్షన్ కింద లెక్కగట్టారో చెప్పలేదు, వెరిఫికేషన్‌లో తేదీ లేదు, అఫిడవిట్ ప్రతి పేజీలో సంతకం లేదు, తెలుగు దస్తావేజుకు అనువాదం జత చేయలేదు, వ్యాజ్య కారణం ఎక్కడ పుట్టిందో రాయలేదు అంటూ ఒక్కో వాక్యం ఉంటుంది. ఆ వాక్యాలను విసుక్కోకుండా ఒక పుస్తకంలో ఎక్కించి, ఎదురుగా దానికి మూలమైన నిబంధన రాసుకోండి. నాకు ఆర్డర్ 6, 7లు నేర్పింది ఆ పుస్తకమే. తిరిగి దాఖలు చేయడానికి ఇచ్చిన గడువును కూడా డైరీలో ఎక్కించాలి, ఎందుకంటే ఆ గడువు దాటితే దానికి మళ్లీ ఒక పిటిషను వేయాలి.

ఇంజంక్షన్ (ఒక పని చేయకుండా ఆపే ఉత్తర్వు) వచ్చిన రోజు కార్యాలయమంతా సంతోషంగా ఉంటుంది గాని, మీరు సంతోషించడానికి తీరిక ఉండదు. అవతలివారికి నోటీసు లేకుండా ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ఆ రోజే గాని మరునాడు గాని, పిటిషను, అఫిడవిట్, ప్లెయింటు, ఆధారపడ్డ పత్రాల నకళ్లు అవతలివారికి పంపి, పంపామని అఫిడవిట్ వేయాలని ఆర్డర్ 39 రూల్ 3 నిర్దేశిస్తుంది. పోస్టాఫీసు మూసేలోగా పోస్టు రసీదు ఫైల్లో పడటం మీ బాధ్యత. అది లేనందువల్ల మంచి ఉత్తర్వులు నిలవకుండా పోవడం నేను చూశాను.

మన భాష విషయంలో ఒక మాట. ప్లెయింట్లు ఎక్కువగా ఇంగ్లీషులో తయారవుతాయి, కక్షిదారు మాత్రం తెలుగులో చెబుతారు, దస్తావేజులూ తెలుగులోనే ఉంటాయి. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ, పాత దస్తావేజుల్లో పరిష్కారం, పారీఖత్తు, దఖలు వంటి మాటలు మీకు తెలిసి ఉండాలి. ప్లెయింటు తయారయ్యాక దాన్ని కక్షిదారుకు తెలుగులో చదివి వినిపించి, వారు అవునన్నాకే సంతకం తీసుకోండి. చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకున్న కాగితం, క్రాస్ ఎగ్జామినేషన్ రోజున, ఇందులో ఏముందో నాకు తెలియదండి అన్న ఒక్క జవాబుతో కూలిపోతుంది. అలాగే ఖాళీ వకాల్తా మీద, ఖాళీ అఫిడవిట్ మీద సంతకాలు తీసుకుని ఉంచుకునే అలవాటు కొన్ని చోట్ల కనిపిస్తుంది. దయచేసి దాని జోలికి పోవద్దు. కక్షిదారు తరఫున మీరు సంతకం చేయడం, కేసు గెలుస్తుందా లేదా అన్నదాని మీద సలహా చెప్పడం, కోర్టులో వాదించడం మీ పనులు కావు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఆ పనిని న్యాయవాదులకే ఇచ్చింది. ఇంకొక సంగతి, న్యాయ సేవాధికార సంస్థలు నియమించే పారా లీగల్ వాలంటీరు వేరు, మీరు చదువుతున్న పారాలీగల్ పని వేరు. వాలంటీరుగా చేసిన అనుభవం మనుషులతో మాట్లాడటానికి ఎంతో పనికొస్తుంది, అవకాశం వస్తే వదులుకోకండి.

హైదరాబాదులో అమెరికా న్యాయ సంస్థలకు పనిచేసే కార్యాలయాల్లో చేరే ఆలోచన కూడా ఉందని రాశారు. అక్కడ పుస్తకం వేరు. ఫెడరల్ రూల్స్ ఆఫ్ సివిల్ ప్రొసీజర్ ప్రకారం సమన్లు అందిన 21 రోజుల్లో జవాబు వేయాలి, దావా వేసిన 90 రోజుల్లో సమన్లు అందించాలి, డిస్కవరీ అనే దశ (అవతలివారి నుంచి పత్రాలు, సమాచారం రాబట్టడం) మన దగ్గర కంటే ఎన్నో రెట్లు పెద్దది. అయినా ఫైలు చదివే పద్ధతి ఇదే. మొదట ఇక్కడి కోడ్ మీద పట్టు సాధించాక అక్కడికి వెళ్లినవారు త్వరగా నిలదొక్కుకోవడం చూశాను.

మీ దగ్గరున్న పుస్తకాల ముద్రణ సంవత్సరం కూడా చూసుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మారలేదు గాని, 2024 జూలై 1 నుంచి ఎవిడెన్స్ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. వాట్సాప్ సందేశాలు, సీసీటీవీ దృశ్యాల వంటివాటికి ఇచ్చే 65-బి సర్టిఫికెట్ ఇప్పుడు సెక్షన్ 63 కింద ఇవ్వాలి. 2002 సవరణకు ముందు ముద్రించిన సి.పి.సి. పుస్తకం ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. జవాబు గడువు, చీఫ్ అఫిడవిట్ (సాక్షి ప్రధాన వాంగ్మూలం), ప్లెయింటు సవరణ ఇవన్నీ అప్పుడు మారినవే.

ఈ వారం ఒక లెక్క చేసి ఇక్కడే రాయండి, నేను చూసి చెబుతాను. ప్రోనోటు తేదీ 20-01-2019. వెనక చెల్లు ఏమీ లేదు. కోవిడ్ కారణంగా 15-03-2020 నుంచి 28-02-2022 వరకూ ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. దావా 2023 సెప్టెంబరులో వేశారు. గడువులో ఉన్నట్టా, లేనట్టా? రోజులతో సహా, ఏ రోజు నుంచి ఏ రోజు వరకూ లెక్కపెట్టారో చూపిస్తూ రాయండి.